శ్యామలక్క కోరిన చప్పుడు

మా శ్యామలక్కకు చెవులు ఎక్కువ. వంటింట్లో కూర్చునే, వాకిట్లో చెప్పులు విప్పింది ఎవరో చెప్పేది. నూలు కండెలు చుట్టేటప్పుడు రాట్నం చప్పుడులో రవ్వంత తేడా వస్తే చాలు, కళ్ళెత్తకుండానే చెయ్యి ఆపి తెగిన పోగును పట్టుకునేది. నేను ఆమె తోడికోడలిని, పేరు కళావతి. కాశిబుగ్గలోని మా ఇంట్లో రెండు మగ్గాలుండేవి. ఒకటి మా బావ లక్ష్మీనర్సయ్యది, అంటే శ్యామలక్క భర్తది. రెండోది మా ఆయన మొండయ్యది. అన్నదమ్ములిద్దరూ జంపఖానాలు నేసేవాళ్ళు. అక్కా నేనూ కండెలు చుడుతూ ఒకరినొకరం దెప్పుకునేవాళ్ళం. దెప్పడంలో నాదే పైచేయి, ఆ మాట చెప్పుకోవడానికి నాకేం మొహమాటం లేదు.

ఎనభై మూడులో అక్కకు మూడోసారి నెలలు నిండుతున్నాయి. మొదటి కానుపు ఇంట్లోనే, మగ్గాల పక్క గదిలో అయింది. "మొగోనివి, నువ్వీడ కూసోని ఏం జేస్తవు? పోయి పని చూస్కో" అని మా అత్త రాములవ్వ కసిరితే బావ పోయి మగ్గం గుంటలో దిగాడట. ఆ చప్పుడు వింటూ అక్క కొడుకును కన్నది. రెండో కానుపు దవాఖానలో అయింది. ఆ బిడ్డ దక్కలేదు. ఆ గదిలో గోడగడియారం తప్ప ఇంకే చప్పుడూ లేదని అక్క నాతో ఒక్కసారే చెప్పింది. మళ్ళీ అడిగితే మాట మార్చేసింది.

ఈసారి బీపీ ఎక్కువుందని, కానుపు ఇంట్లో అయితే తల్లికీ బిడ్డకీ ఇద్దరికీ ముప్పేనని డాక్టరమ్మ తెగేసి చెప్పింది. అక్క అంతకంటే తెగేసి చెప్పింది.

"నేను ఆ అర్రలకు పోను. సచ్చినా పోను."

డాక్టరమ్మ చిన్న వయసుది, కొత్తగా వచ్చింది. కోప్పడకుండా అక్క పక్కన కూర్చుని భయం ఎందుకో అడిగింది. అంతా విని, "నీకిష్టమైన పాటలేవైనా టేపులో తెచ్చుకో శ్యామలమ్మా. నొప్పులు వచ్చినప్పుడు వాటిని వింటూ ఊపిరి తీసుకో. ఎవరన్నా వద్దంటే నా పేరు చెప్పు" అంది. అట్లయితే వస్తానంది అక్క. ఇంటికొచ్చాక కూడా నాకు నమ్మకం కుదరలేదు.

మా వాడలో టేప్ రికార్డర్ ఉన్నది నా ఒక్కదానికే. రామగుండంలో పనిచేసే మా అన్న సారంగపాణి నా పెళ్ళికి కొనిచ్చాడు. దానిమీద ఎంబ్రాయిడరీ గుడ్డ కప్పి, ఎవరినీ ముట్టనిచ్చేదాన్ని కాదు. అందుకే పాటలు ఎంచే పెత్తనం కూడా నాదేనని అనుకున్నాను.

మొదట మా అత్త మాట ప్రకారం రామభజన పెట్టాను. అక్క రెండు చరణాలు విని, "అత్తమ్మా, ఇది ఇంటాంటే ఎవలో పోయినట్టున్నది, నేనే పోయిననిపిస్తాంది" అంది. అత్త లెంపలేసుకుని టేపు తనే ఆపేసింది. పక్కింటి సమ్మమ్మ వచ్చి బతుకమ్మ పాటలు పాడి టేపు చేయించింది. అవి వింటుంటే కాళ్ళు చుట్టూ తిరగమంటున్నాయని, మంచం మీద పడుకునేది ఎట్లని అక్క ప్రశ్న. చివరికి నాకు ప్రాణమైన సినిమా పాటలు పెట్టాను. అక్క మర్యాదకు ఒక పాట మొత్తం విన్నది.

"మంచిగనే ఉన్నది కళా. కని వాళ్ళు గంతగనం ఎందుకు ఉరుకుతాండ్రు? నాకు ఇక్కడ ఆయాసమొస్తాంది."

నాకు ఒళ్ళు మండింది. "మరి నీకేం గావాలె? నువ్వే చెప్పు" అన్నాను.

అక్క చేతిలోని కండె వైపు చూస్తూ, "మీ బావ మగ్గం చప్పుడు" అంది.

నేను పగలబడి నవ్వాను. పొద్దున లేచింది మొదలు దీపాలు పెట్టే దాకా చెవులు దిబ్బళ్ళు వేయించే చప్పుడది! అత్త కూడా నవ్వింది. అక్క మాత్రం నవ్వలేదు. నేను కాపురానికొచ్చిన ఐదేళ్ళలో అంత మెల్లగా ఆమె ఏదీ అడగలేదని గుర్తొచ్చి నేనూ నవ్వు ఆపేశాను.

మర్నాడు టేప్ రికార్డర్ తీసుకెళ్ళి బావ మగ్గం పక్కన పెట్టాను. మా బావ మహా బిడియస్తుడు. చుట్టాలొస్తే మగ్గం గుంటలోంచి పైకి రాకుండా పూటంతా గడిపే రకం. నేను ఎర్ర బటన్ నొక్కగానే ఆయన చేతులు తడబడ్డాయి. పోగు తెగింది. అతికి మళ్ళీ మొదలుపెట్టాడు, మళ్ళీ తెగింది. మూడోసారి, పోగును అటూ ఇటూ మోసే నాడె కింద పడిపోయింది. "ఎవలన్న చూస్తాంటే నాతోని కాదు పిల్లా" అని చెమట తుడుచుకుంటూ లేచి బయటికి పోయాడు.

పక్క మగ్గంలోంచి మా ఆయన, "నాది పట్టరాదే, ఎంతసేపన్న కొడుత" అన్నాడు. ఆయనకు ఎవరైనా చూస్తుంటే చేతులు ఇంకా ఉషారుగా ఆడతాయి.  మగ్గం మగ్గమే కదా, చప్పుడు చప్పుడే కదా అనుకున్నాను. కేసెట్ ఒకవైపు మొత్తం మా ఆయన మగ్గమే నింపి, ఎవరికీ చెప్పకుండా డబ్బాలో పెట్టేశాను. వినిపించమని అక్క అడిగితే, సెల్స్ అయిపోతాయి, దవాఖానలోనే విందువులే అని తప్పించుకున్నాను.

వారం తిరగకుండానే ఒక పొద్దున నొప్పులు మొదలయ్యాయి. రిక్షాలో దవాఖానకు చేరాం. డాక్టరమ్మ పేరు చెప్పి నేను టేప్ రికార్డర్‌తో సహా లోపలికి పోయాను. బావ, అత్త వరండాలో ఉన్నారు. అక్క నా చెయ్యి పట్టుకుని గోడలకేసి చూస్తోంది.  "పెట్టు కళా" అంది. పెట్టాను.

టేపులో మగ్గం దెబ్బలు నాలుగు పడ్డాయో లేదో, అక్క కళ్ళు తెరిచింది.

"గిది మొండయ్యది."

నేను గబుక్కున సౌండ్ తగ్గించబోయాను.

"బందు వెట్టు. మొండయ్య ఎన్కనుంచి ఎవడో తరుముతున్నట్టు కొడుతడు. మీ బావ నాడె ఇసిరి జర ఆగుతడు, అటెన్క ఒక్కటే దెబ్బ. ఆ ఆగినప్పుడే నేను ఊపిరి తీసుకునేది. ఇందుల యాడ తీసుకోవాలె?"

ఆపేశాను. గదిలో చప్పుడు లేకుండా పోయింది. ఇంకో నొప్పి వచ్చేసరికి అక్క ఊపిరి బిగబట్టి నీలంగా మారింది. సిస్టర్ "ఊపిరి తీసుకో, ఊపిరి తీసుకో" అని అరుస్తోంది, బీపీ చూసి డాక్టరమ్మకు కబురు పంపింది. పెళ్ళయి ఐదేళ్ళయినా మా ఆయన దెబ్బ ఏదో, బావ దెబ్బ ఏదో నాకు తెలియదు. ఆ సంగతి ఆ గదిలోనే నాకు మొదటిసారి తట్టింది. సిగ్గుతో చచ్చిపోయాను.

బయటికి ఉరికి బావ ముందు ఏడ్చేశాను. "బావా, నేను తప్పు జేసిన. టేపుల మీ తమ్మునిది పట్టిన. అక్క గుర్తువట్టింది. ఊపిరి తీస్తలేదు. ఇంటికి పోయి మళ్ళ పట్టుకొద్దామా?"

  లోపలినుంచి అక్క కేక వినిపించింది. బావ చుట్టూ చూశాడు. గోడవారగా ఉన్న చెక్క బెంచీని ఈడ్చుకొచ్చి, ఆ గది కిటికీ కింద వేసి, నేలమీద కూర్చున్నాడు. ఎడమచేతి వేళ్ళను బెంచీ మీద ఒక కొసనుంచి ఇంకో కొసకు గీశాడు. జర ఆగాడు. కుడి అరచేత్తో బలంగా ఒక్క దెబ్బ వేశాడు. మళ్ళీ గీశాడు, ఆగాడు, కొట్టాడు. మగ్గం గుంటలో ఉన్నట్టే కాళ్ళు కూడా ఒకటి విడిచి ఒకటి తొక్కుతున్నాడు.

జనం మూగారు. నర్సులు, రోగుల తాలూకు వాళ్ళు, టీ అమ్మేవాడు అందరూ వచ్చి నిలబడ్డారు. వాచ్‌మన్ వచ్చి, "ఏందయ్యా, దవాఖానల ఈ లొల్లి ఏంది?" అని గదిమాడు. మా అత్త లేచి అడ్డం నిలబడింది.

"నా కోడలు కంటాంది. నా కొడుకు కొడుతాండు. నడుమ నీకేం తక్లీఫ్?"

 ఇంతలో వచ్చిన డాక్టరమ్మ ఒక నిమిషం నిలబడి చూసి, కిటికీ రెక్కలు బార్లా తెరవమని చెప్పి లోపలికి పోయింది. ఒక టేప్ రికార్డర్ ముందు నేయలేని మనిషి అంతమంది ముందు తలెత్తకుండా కొడుతూనే ఉన్నాడు.

నేను లోపలికి వచ్చేసరికి అక్క కళ్ళు మూసుకుని ఉంది. బయట వేళ్ళు గీసుకుపోయి ఆగినప్పుడల్లా ఆమె రొమ్ము పైకి లేస్తోంది. దెబ్బ పడగానే దిగుతోంది. రెండు గంటలపాటు అట్లాగే నడిచింది. మిట్టమధ్యాహ్నం దాటాక ఆడపిల్ల పుట్టింది. మంచి గొంతుతో ఏడ్చింది. బీపీ కూడా దిగుతోందని డాక్టరమ్మ నా భుజం తట్టింది. నేను ఏడ్చినంత ఆ పసిది కూడా ఏడ్వలేదు.

బయటికి పరుగెత్తాను. అత్త అప్పటికే చేతులెత్తి దండం పెడుతోంది. బావ మాత్రం ఇంకా కొడుతూనే ఉన్నాడు. కుడి అరచెయ్యి ఎర్రగా పొంగి ఉంది.

"ఆడిపిల్ల బావా! ఇద్దరు మంచిగున్నరు. ఇగ ఆపురి."

ఆయన చెయ్యి ఆపకుండానే తలెత్తి అడిగాడు. "ఆమె ఆపుమన్నదా?"

మళ్ళీ లోపలికి పోయి అక్కను అడిగాను. ఆమె పిల్లను పక్కలో పొదువుకుని, సగం నిద్రలో ఉంది.

"ఇంకో జానెడు నెయ్యమను" అంది.

పోయి ఆ మాటే చెప్పాను. బావ తల వంచుకుని చెయ్యి మార్చాడు. ఈసారి ఎడమ అరచేత్తో మొదలుపెట్టాడు.