తండ్రి రక్తం

ఆయా ఆ పసిపిల్లల కేంద్రంలో పద్దెనిమిదేళ్లుగా పనిచేస్తోంది. ఉయ్యాలల గదిలో ఒకరు ఏడుపు అందుకుంటే మిగతావాళ్లూ అందుకోవడం ఆమెకు రోజూ చూసే తంతే. ఇంకా మాటలు రాని పిల్ల తన పాలసీసాను తీసుకెళ్లి, ఏడ్చేవాడి నోట్లో కుక్కడం చూసింది. అదే పిల్ల మధ్యాహ్నానికి వాడి జుట్టు పీకడమూ చూసింది. రెండూ పుట్టుకతోనే వస్తాయని ఆమెకు అనుమానం లేదు.

ఆ ఏడాది మూడేళ్ల పిల్ల ఒకతె కొత్తగా చేరింది. తండ్రి ఎవరినో కొట్టి చంపి జైల్లో ఉన్నాడు. వారం తిరక్కుండానే ఆ పిల్ల పక్కదాని చెయ్యి కొరికింది. ఆయా పక్కబట్టలు ఉతికి ఆరేసి వచ్చేసరికి, కేంద్రం చూసుకునే పెద్ద మేడమ్ ఆ పిల్లను తువ్వాలుతో కుర్చీకి కట్టేసి ఉంచింది. లాగు తడిసిపోయింది. పిల్ల ఏడవడం కూడా మానేసి గోడకేసి చూస్తోంది.

"ఎంతసేపయింది మేడమ్ కట్టి?"

"గంట. దానికి చెప్పినా ఎక్కదులే, తండ్రి రక్తం. ఆ పుట్టుకే అంత."

ఆ మాట ఆయాకు కొత్త కాదు. తన తండ్రి తల్లిని కొట్టి చంపినప్పుడు ఆమెకు ఆరేళ్లు. పెంచిన పిన్ని, పెళ్లయ్యేదాకా ఆమె చేతికి కూరగాయల కత్తి ఇవ్వలేదు. "నీకు కోపమొస్తే ఏం చేస్తావో ఏమో తల్లీ" అనేది, ముద్దు పెట్టుకుంటూనే.

మేడమ్ మాటకు ఆయాకు ఒళ్లంతా నిప్పంటుకున్నట్టయింది. బల్ల మీది గాజు కూజా ఎత్తి మేడమ్ తల మీద వెయ్యాలనిపించింది. అనిపించిందని ఇప్పటికీ ఒప్పుకుంటుంది.

"నాదీ అలాంటి రక్తమే మేడమ్. మా నాన్న మా అమ్మని చంపాడు. ఇప్పుడు నాకొచ్చినంత కోపం ఈ పసిదానికి వచ్చుండదు. మరి మీ మీద చెయ్యెత్తానా? మీ ఇంట్లో హంతకులెవరూ లేరుగా, మీకెవరి రక్తం చెప్పింది కట్టెయ్యమని?"

"నోరు మరీ లేస్తోంది! రేపట్నుంచి రానక్కర్లేదు."

"రాను. ఇది విప్పి పోతా."

ముడి బిగుసుకుపోయింది. పంటితో లాగి విప్పింది.

సాయంత్రం గేటు దగ్గర నిలబడి, వచ్చిన ప్రతి తల్లికీ తండ్రికీ జరిగింది జరిగినట్టు చెప్పింది. "మా పిల్లని కట్టలేదుగా" అంటూ చాలామంది తప్పుకున్నారు. మేడమ్ మాటకన్నా ఆ మాటకే ఆమెకు ఎక్కువ మండింది. నలుగురు మాత్రం లోపలికెళ్లి కేకలేశారు. పిల్లల్ని కట్టడం ఆగింది. మేడమ్ ఉద్యోగం మేడమ్‌కి ఉంది, ఆయాది పోయింది.

ఆ పిల్ల తల్లి బట్టల మిల్లుకు వెళ్తూ పిల్లను ఆయా ఇంట్లో దింపడం మొదలుపెట్టింది. మూడోరోజే పిల్ల ఆయా మోచేతిని కరిచింది.

"అబ్బా! నొప్పే రాక్షసీ!"

పిల్ల బిక్కమొహం వేసింది. కాసేపటికి మెల్లగా దగ్గరికొచ్చి, గాటు మీద ఉఫ్ ఉఫ్ అని ఊదింది.

"దీన్నా ఆ మేడమ్ గంటసేపు కట్టేసింది!" అని ఆయా పళ్లు నూరింది.