అడక్కుండా అతికించిన గిటారు

ప్రొద్దుటూరులో బట్టల అంగళ్ళ వీధిలో ఒక మేడ మీద నాకో చిన్న గది ఉంది. గోడలకు పాత బొంతలు కొట్టి, కిటికీ మూసేసి, దానికి స్టూడియో అని పేరు పెట్టుకున్నాను. పూజారుల ఇంట్లో పుట్టి ఈ పని పట్టుకున్నానని మా నాయన ఇప్పటికీ గుర్రుగానే ఉన్నాడు. యూట్యూబ్‌లో పెట్టుకునే ప్రేమపాటలు, పెండ్లిపాటలు, అప్పుడప్పుడు ఎలక్షన్ పాటలు నా దగ్గర తయారవుతాయి. వాటిలో గిటారు వినబడితే, అది వాయించింది పులివెందుల పక్క పల్లెలో చీనీ తోట, అంటే బత్తాయి తోట, పెట్టుకున్న ఒక మనిషి. నాకన్నా పదేళ్ళు పెద్ద. నేను మామా అంటాను, ఆయన నన్ను సామీ అంటాడు.

వాళ్ళది గొర్రెలు మేపుకునే ఇల్లు. తండ్రి కాలు విరిగి జమ్మలమడుగు ఆసుపత్రిలో నెలల తరబడి పడుకుంటే, తోడుగా పోయిన ఈయన దగ్గర్లోని చర్చిలో గిటారు విని అక్కడే అతుక్కుపోయాడు. తండ్రి కాలు నయమయ్యేలోపు కొడుకు చేయి తిరిగింది. అప్పటినుంచి పాతికేళ్ళుగా కడపలో, తిరుపతిలో, కొన్నాళ్ళు హైదరాబాదులో కూడా ఎవరెవరి పాటలకో వాయిస్తూనే ఉన్నాడు. పాట కింద పాడినవాళ్ళ పేరుంటుంది, రాసినవాళ్ళ పేరుంటుంది, డాన్సు చేసినవాళ్ళ పేరు కూడా ఉంటుంది. ఈయన పేరుండదు. "పేరు లేకుంటే తిట్లు కూడా రావు గదా సామీ" అని నవ్వేస్తాడు.

మిగతావాళ్ళు వస్తూనే శ్రుతి ఏదని అడుగుతారు. ఈయన సంచి జిప్పు తీయకముందే "పాడేది ఎవురు? ఎవురితో చెప్తాండారు? అప్పుడు వాళ్ళు యాడుండారు?" అని అడుగుతాడు. మూడు నిమిషాల పాటకు ఇంత విచారణ ఏమిటని మొదట్లో నాకు చిరాకు. బస్టాండులో వదిలేసి పోయిన పిల్ల పాట అని చెప్తే, కాసేపు కళ్ళు మూసుకుని కూర్చుని నాలుగు స్వరాలు వాయించేవాడు. నేను కీబోర్డు మీద రోజంతా కుస్తీ పట్టినా ఆ నాలుగు రావు. అసూయపడ్డాను, నిజమే. అసూయపడటానికి కూడా నా స్థాయి చాలదని తెలిశాక, హాయిగా అభిమానినైపోయాను.

ఆ అభిమానంతోనే ఒక వెధవ పని చేశాను. ఆయన వాయించినదాంట్లో పాటకు వాడగా మిగిలిన ముక్కలన్నీ కంప్యూటర్లో దాచుకునేవాణ్ణి. మా పనిలో చాలామంది చేసేదే. ఒకసారి జమ్మలమడుగు నుంచి ఒక టీచరమ్మ, చనిపోయిన చెల్లెలి మీద తాను రాసిన పాట తెచ్చి పాడింది. దానికి గిటారు కావాలి. అప్పుడు చీనీకాయల కోత నడుస్తోంది. మామ ఎక్కడ వస్తాడులే అనుకుని, దాచిన ముక్కల్లో ఒకటి తీసి, వేగం తగ్గించి అతికించాను. అతుకు కనబడలేదు. టీచరమ్మ మెచ్చుకుంది. నన్ను నేనే మెచ్చుకున్నాను కూడా.

పాట బయటికొచ్చిన వారానికి ఆయన చెప్పాపెట్టకుండా వచ్చాడు. భుజాన గిటారు, చెప్పులకు తోటమన్ను. ముందురోజు పులివెందుల బస్సులో ఎవరో ఫోన్‌లో ఆ పాట పెట్టారట.

"నేను వాయించని పాటలో నా చేయి వినపడ్తాంది. ఏంది సామీ ఇది?"

ఇక ఈ మనిషి నా గడప తొక్కడనుకున్నాను. ఎంతో కొంత ఇస్తానని గొణిగాను.

"దుడ్ల మాట నేనెత్తినానా? ఆ ముక్క యాడిదో తెలుసునా నీకు? పెండ్లిపాటది. పెండ్లికొడుకు కారు దిగుతాంటే వాయించింటి. ఆయమ్మ చెల్లెలి కోసరం ఏడుస్తాంటే, పక్కన నాతో చిందులేపిస్తివి గదప్పా!"

పాట పెట్టుకుని మళ్ళీ విన్నాను. ఎంత నెమ్మది చేసినా ఆ ముక్క లోపల నవ్వుతూనే ఉంది. రాసినామె పట్టుకోలేదు, నేను పట్టుకోలేదు. ఆయన బస్సు మోతలో పట్టుకున్నాడు. సిగ్గుతో చచ్చిపోతూ కూడా ఆ చెవికి దండం పెట్టాలనిపించింది.

ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "పోయేనాటికి ఆ పిల్లకు ఎంత వయసు?" అన్నాడు. నాకు తెలియదు. టీచరమ్మకు ఫోన్ చేస్తే ఇంటర్ చదువుతుండేదని చెప్పింది. ఆయన గిటారు తీసి, పాటలోని ఆమె గొంతు వెంట ఒక్కొక్క తీగే మీటుతూ పోయాడు. చివరి చరణంలో అసలు చేయే కదపలేదు. ఒక్క టేకే. నేను హెడ్‌ఫోన్లు తీయకుండా ఏడ్చాను.

పాత పాట తీసేసి ఇది పెడతానన్నాను. దాచిన ముక్కలన్నీ ఆయన ముందే చెరిపేశాను. ఆయన అటు చూడను కూడా చూడలేదు. గిటారు భుజాన వేసుకుని తలుపు దాకా పోయాడు.

"మళ్ళీ వస్తావా మామా?" అన్నాను.

"నేనెప్పుడు రానంటి? నువ్వు పిలిస్తివా? కోత ఉంది, వీడు రాడులే అని నీ అంతకు నువ్వే అనుకుంటివి. చెల్లెలి పాట అని ఒక్క మాట చెప్పింటే, కోత ఇడిసిపెట్టి వచ్చేటోన్ని గదా."

ఇప్పుడు ఏ పాట వచ్చినా ముందు ఆయనకే ఫోన్ చేస్తాను. నాలుగుసార్లు పిలిస్తే మూడుసార్లు రాలేనంటాడు. ఆ మాట అనేది మాత్రం ఆయనే, నేను కాదు.