ఎదురు దుకాణం యాదమ్మత్త

నిన్న బీరంగూడలో ఒక సినిమా నటి పోస్టరు చూడగానే చిన్నతనం గుర్తొచ్చింది. పటాన్‌చెరులో అమ్మది చీరల దుకాణం, ఎదురుగా యాదమ్మత్తదీ అదే వ్యాపారం. పోటీతో ఇద్దరికీ ఏళ్లుగా మాటల్లేవు. ఆ నటి పాతకాలపు చీరల వ్యాపారిగా వేసిన సినిమాకు అమ్మ నన్ను తీసుకెళ్లింది. అందులో పోటీ వ్యాపారికి జ్వరమొస్తే, ఆమె దుకాణాన్నీ ఈమే నడుపుతుంది. అది మా కథేననుకున్నాను.

మర్నాడు యాదమ్మత్త దుకాణానికి వెళ్లి అడిగాను. "అత్తా, నీకు జరమెప్పుడొస్తది? మా అమ్మ నీ దుకాణం నడపాలె గదా!"

అత్త పకపకా నవ్వి, నా చెయ్యి పట్టుకుని అమ్మ దగ్గరికి తీసుకొచ్చింది.

"నీ బిడ్డ ఏమంటుందో ఇను వదినా!"

విన్న అమ్మ సిగ్గుపడుతూ స్టూలు జరిపింది. "కూసో, చాయ్ తాగి పో."

ఆ తర్వాత పోటీ ఆగలేదు, ఆ రోజు మొదలైన మాటలూ ఆగలేదు. ఎదుటివాళ్లే ముందు పలకరించాలని ఇద్దరూ అన్నేళ్లు ఎదురుచూశారని ఇప్పుడు అర్థమవుతోంది.