మీరాలం చెరువులో బావి నీళ్లు

మొన్న మనవరాలు ఫోన్లో ఫోటోలు చూపించింది. స్నేహితులతో ఏదో చెరువు నడుమ దీవికి తామే తెడ్లు వేసుకుంటూ పోయి, గుడారం వేసుకుని రెండు రోజులు ఉండి వచ్చిందట. "బాగుందమ్మా" అన్నానే గానీ లోపల చురుక్కుమంది. ఎనభై దాటినవాడికి మనవరాలి మీద కుళ్లేమిటని మీరు నవ్వవచ్చు. కుళ్లు దాని మీద కాదు, మా బావ మీద. అది పందొమ్మిది వందల యాభైల నాటి నుంచీ ఉన్నదే.

మాది హుస్సేనీ ఆలంలో అర్చకుల ఇల్లు. బాపు, అంటే మా నాన్న, ఏడాది పొడుగునా గర్భగుడిలో దీపాల పొగ మింగేవాడు. అందుకేనేమో, మీరాలం చెరువు నడుమ ఉన్న చిన్న దీవి మీద రెండు రోజులు ఆకాశం కింద పడి ఉండాలని ఆయనకు మహా కోరిక. నేను ఇంటర్మీడియట్ చదివే ఏడు పూజ చిన్నాన్నకు అప్పజెప్పి బయలుదేరాడు. ఆయనతో నేనొక్కణ్ణే అనుకుని వారం రోజులు నా కాళ్లు నేల మీద నిలవలేదు. తీరా ముందు రోజు "యాకుత్‌పురా నుంచి మీ బావ గూడ వస్తడు" అన్నాడు. బావ మా మేనత్త కొడుకు, తండ్రి లేనివాడు, నాకంటే రెండేళ్లు పెద్ద. చెట్టెక్కుతాడు, ఈదుతాడు, మూడు రాళ్లు పెట్టి పచ్చి కట్టెలతోనైనా అన్నం వండుతాడు. బాపు వాడి భుజం మీద చెయ్యి వేసి నడిచేవాడు. నా భుజం మీద ఎన్నడూ వేయలేదు. నాకు ఒళ్లు మండిపోయేది.

మా ఇంట్లో మడి. నల్లా నీళ్లు ముట్టం, పెరటి బావి నీళ్లే తాగాలి. అమ్మ ఒక మరచెంబు నింపుకొని పొమ్మంది. అప్పుడే నాకు ఉపాయం తట్టింది. దీవికి పోయేది పుట్టి మీద. తారు పూసిన ఆ గుండ్రటి బుట్ట పడవ ఎంత బరువు మోస్తుంది గనుక? ఇంట్లోకెల్లా పెద్ద ఇత్తడి బిందెను అంచుదాకా నింపి రిక్షా ఎక్కించాను. బిందె ఎక్కితే బావ దిగాల్సిందే!

పుట్టి నడిపే ముసలాయన చూస్తూనే అడ్డం పడ్డాడు. "అయ్యా, ముగ్గురు మనుషులు, మల్ల గీ బిందె! మునుగుతది. బిందెనన్న, ఒక మనిషినన్న దింపుండ్రి."

నేను బావ వంక చూశాను. బాపు నా వంక చూశాడు. "మడి నీల్లు ఇడిసిపెడ్తే మీ అమ్మ ఊకోదు. బిందె తెచ్చింది నువ్వే గద, నువ్వే ఆగు. మల్లొచ్చే పుట్టిల రా."

బావ బిందెను ఒడిసి పట్టుకుని దర్జాగా పోయాడు. అరగంటకు పుట్టి నా కోసం తిరిగొచ్చింది. "నేను రాను, పో" అన్నాను. బాపే వెనక్కి వచ్చి బతిమాలాలని నా పంతం. ఆయన రాలేదు. ఆ రెండు రోజులూ తెల్లారగానే కట్ట మీదికి పోయి కూర్చుని, దీవి మీద లేచే పొయ్యి పొగ చూసి ఏడ్చాను. పొగ ఆగితే ఇద్దరూ తింటున్నారని తెలిసేది. అప్పుడు ఇంకా ఎక్కువ ఏడుపొచ్చేది.

మూడో రోజు వచ్చారు. బిందె నిండుగానే ఉంది. "చెరువు నీల్లే తాగినంరా, మీ అమ్మకు చెప్పకు" అన్నాడు బాపు. అంతకు మించి నన్ను ఒక్క మాట అనలేదు. ఆ బిందెను ఇల్లు చేర్చింది మాత్రం నేనే. మరుసటి ఏడు బాపుకు మోకాళ్లు పట్టేశాయి, మళ్లీ దీవి ముచ్చట రాలేదు.

ఫోటోలు చూసిన సాయంత్రం బావకు ఫోన్ చేసి, బిందె సంగతి ఒప్పుకున్నాను.

"నాకు పుట్టిలనే సమజైంది" అని నవ్వాడు. "అసలు మండింది నాకురా. గా రెండు దినాలు మామ నీ ముచ్చట తప్ప ఇంకోటి తియ్యలే. 'వాడు నా లెక్కనే మొండోడు, పిలిస్తే రాడు, వాడంతల వాడే రావాలె' అనుకుంట కట్ట దిక్కే చూసుకుంట కూసున్నడు. నేను వండింది ఎట్లున్నదో గూడ చెప్పలే."

ఫోన్ పెట్టేశాను. కట్ట మీద నేను, దీవి మీద ఆయన, రెండు రోజులు ఒకరి కోసం ఒకరం చూస్తూ గడిపామన్నమాట. నా గురించి మా బాపు అన్న ఆ నాలుగు మాటలు నా దాకా రావడానికి దాదాపు డెబ్బై ఏళ్లు పట్టింది. అవి కూడా ముందు బావకే దక్కాయి.