ఓడలో వచ్చే ఆటలు

నేను ఆటల పిచ్చివాణ్ణి. ఆడే పిచ్చి కాదు, చదివే పిచ్చి. పోర్ట్ బ్లెయిర్‌లో ప్రభుత్వ గుమాస్తాగా పనిచేసిన పాతికేళ్ళూ, ఏడాది పొడవునా ఏదో ఒక ఆట వెంట పడుతూనే ఉన్నాను. అందులో ఒక్కటే చిక్కు. మద్రాసులో ఇవాళ జరిగిన ఆట నాకు రెండు మూడు వారాల తర్వాత జరిగేది. పేపర్లు ఓడలో రావాలి కదా!

ఓడ వచ్చినప్పుడల్లా జెట్టీకి వెళ్ళి, పేపర్ల కట్ట భుజాన వేసుకుని డాలీగంజ్‌లోని మా క్వార్టరుకు తెచ్చుకునేవాణ్ణి. తేదీల వారీగా పేర్చి, రోజుకొకటి చొప్పున పొద్దున్నే టీతో పాటు విప్పేవాణ్ణి. తొందర మనుషులు కట్టంతా ఒక్క పూటలో చదివి పారేసి, తర్వాత పదిహేను రోజులు గోళ్ళు గిల్లుకుంటూ కూర్చునేవారు. నేనలా కాదు. అయిదు రోజుల టెస్టును అయిదు రోజులూ చూసేవాణ్ణి. నాలుగో రోజు మనవాళ్ళు కష్టాల్లో పడితే ఆ పూట నాకు అన్నం సహించేది కాదు. ఆ కష్టం ఎప్పుడో తీరిపోయి, ఆ ఆటగాళ్ళు ఇళ్ళకెళ్ళి నిద్రలు కూడా పోయుంటారని మా ఆవిడ అనేది. ఆవిడకు ఆటంటే గౌరవం లేదు.

చలికాలమని పేపర్లో రాసే నెలల్లో క్రికెట్. మాకిక్కడ చలెక్కడిది, అయినా క్రికెట్టే. ఎండల్లో హాకీ. జూన్ నెలాఖరు పేపర్లలో టెన్నిస్. ఆ బ్యాటును ఫొటోలో తప్ప చూసినవాణ్ణి కాదు గాని, ఎవరి సర్వీసులో ఏం లోపముందో ఆఫీసులో గంటసేపు చెప్పగలిగేవాణ్ణి. వానలు పట్టుకున్నాక కలకత్తా ఫుట్‌బాల్. మా ఆఫీసు వెనక రోజూ సాయంత్రం వాలీబాల్ ఆడేవారు. దాన్ని నేనెప్పుడూ చూడలేదు. అది పేపర్లో రాదు.

ఈ సుఖానికి ట్రాన్సిస్టరు ఎసరు పెట్టింది. అబర్డీన్ బజారులో టీకొట్టుకొకటి వెలిసింది. నాకింకా రెండో రోజు ఆట నడుస్తుండగానే, ఎవడో పెద్దమనిషి మొత్తం ఫలితం నా నెత్తిన పడేసిపోయేవాడు. అందుకని ఇంటా బయటా ఒక కట్టుబాటు పెట్టాను. నాకెవరూ ఏ ఫలితమూ చెప్పకూడదు. పక్క క్వార్టరు బెంగాలీ భయ్యా మంచివాడు. రేడియో పెట్టే ముందు గోడ మీంచి, "దాదా, కాన్ బంద్ కరో!" అని కేకేసేవాడు. నేను బుద్ధిగా చెవులు మూసుకునేవాణ్ణి.

మా అమ్మాయికి అప్పుడు పద్నాలుగేళ్ళు. పరిగెత్తేది. ఎవరి పోలికో మరి, నేనైతే బస్సు కోసం కూడా పరిగెత్తను. ఆ ఏడాది స్కూళ్ళ పోటీలు జింఖానా మైదానంలో పెట్టారు. ఎనిమిది వందల మీటర్లలో మొదటొచ్చిన పిల్లను మద్రాసు పోటీలకు ఓడలో తీసుకెళ్తారట. తండ్రి సంతకం కావాలి.

"గెలిస్తే పంపుతారా నాన్నా?" అని అడిగింది.

"ఆడపిల్ల, నాలుగు రోజులు ఓడలో..." అని నసిగి, "ముందు గెలువు, చూద్దాం," అన్నాను. పోటీ చూడటానికి మాత్రం తప్పకుండా వస్తానని మాటిచ్చాను.

వెళ్ళాను కూడా, గేటు దాకా. లోపల అడుగుకొక ట్రాన్సిస్టరు మోగుతోంది. బయటి ప్రపంచంలో అప్పటికి తర్వాతి టెస్టు నడుస్తోంది. మా ఇంట్లో ముందటి టెస్టు ఇంకా మూడో రోజే. "ఈసారి కూడా ఓడిపోయేలా ఉన్నాం" అని ఎవడైనా అన్నాడంటే నా మిగతా రెండు రోజులూ గంగలో కలిసినట్టే. చెవుల్లో వేళ్ళు పెట్టుకుని వెనక్కి తిరిగాను. ఆటలంటే ప్రాణమిచ్చేవాణ్ణి, ఆటకు భయపడి ఆటల మైదానంలో అడుగు పెట్టలేదు.

సాయంత్రం అమ్మాయి ఒక్క పరుగున ఇంట్లోకొచ్చింది. చేతిలో మడత పెట్టిన కాగితం. "నాన్నా, ఇది చూడండి..." అంటూ విప్పబోయింది. బజారులో స్కోర్లు అచ్చేసి పంచే కాగితం ఎవరో ఇచ్చుంటారనుకున్నాను.

"వద్దు! నాకేం చెప్పకు. ఆ కాగితం నా కంటపడనివ్వకు," అని అరిచి కళ్ళు గట్టిగా మూసుకున్నాను. తెరిచేసరికి అమ్మాయి లేదు.

తర్వాత అది పోటీ ఊసే ఎత్తలేదు. ఓడిపోయిందనుకున్నాను. ఓడినవాళ్ళను వెంటనే పలకరించకూడదని నాకు ఇన్నేళ్ళ అనుభవం. అందుకని నోరు మెదపకుండా, నా కంచంలోని పెద్ద చేప ముక్క తీసి దాని కంచంలో వేశాను. మా ఆవిడ గిన్నెను నేల మీద ఠంగుమని పెట్టింది. ఎందుకో నాకు తెలియలేదు. నా టెస్టు డ్రా అయింది.

తర్వాతి ఓడలో నా కట్ట సరుకుల అడుగున పడిపోయి, ఓడ తిరిగి బయల్దేరే పూటకు గాని దొరకలేదు. జెట్టీ మీద కట్ట భుజానికెత్తుకుంటుంటే అమ్మాయి స్కూలు పీటీ టీచరు ఎదురైంది. ఇక్కడే పుట్టి పెరిగిన తెలుగావిడ.

"క్యా భాయ్ సాబ్, సంతకం ఎందుకు పెట్టలేదు? మీ బచ్చీ ఎంత ముందొచ్చిందనుకున్నారు! సెకండొచ్చిన పిల్ల అప్పటికింకా మలుపు కాడే ఉంది. శుక్రవారం దాకా చూశాం. నాన్న చూడనన్నారు అని ఖాళీ ఫారం తెచ్చిచ్చింది."

"ఏ ఫారం?" అన్నాను. అడుగుతుండగానే తెలిసిపోయింది. జేబులోంచి పెన్ను తీసి, "ఇటివ్వండి, ఇప్పుడే పెడతాను," అన్నాను.

"అబ్ క్యా ఫాయిదా? ఆ సెకండొచ్చిన పిల్ల పేరు రాసేశాం," అంది టీచరు. ఆ పిల్ల అప్పటికే ఓడ మెట్లెక్కుతోంది, చేతిలో రేకు పెట్టె.

ఇంటికొచ్చి మా ఆవిడ మీద పడ్డాను, ఒక్క మాట చెప్పకూడదా అని.

"నేనేటి సెప్తాను? కాగితం సూపించొద్దని మీరే అరిసేరంట. పిల్లని పంపడం ఇష్టం లేదు గావాలనుకున్నాను," అంది.

అమ్మాయి వెనక గుమ్మంలో కూర్చుని కాన్వాసు బూట్లకు సుద్ద పూస్తోంది. "అది ఫారమని తెలీదమ్మా. స్కోరు కాగితమనుకున్నాను," అన్నాను. తలూపింది. వెంటనే నమ్మేసింది. నా కూతురు నన్ను అంత తేలిగ్గా నమ్మినందుకు నాకు చచ్చేంత సిగ్గేసింది.

"రేసు ఎలా జరిగిందో చెప్పమ్మా. మొదట్నుంచీ చెప్పు," అని పక్కన కూర్చున్నాను.

"అయిపోయింది కద నాన్నా. ఇప్పుడు విని ఏం చేస్తారు?"

అందులో ఎత్తిపొడుపేమీ లేదు. తెలుసుకుందామనే అడిగింది. నేను రెండో బూటు అందుకుని సుద్ద పూయడం మొదలుపెట్టాను.