మంచినీళ్ళ కూజా మీద నల్లబల్ల

ఆ రోజుల్లో చదువు రానివాళ్ళకి ఎన్ని తెలివితేటలుండేవో చదువుకున్నవాళ్ళకి తెలియదు. బస్సు బోర్డు చదవలేక "కళ్ళజోడు మర్చిపోయానండీ, కాస్త చూసి చెప్పండి" అనేదాన్ని (అప్పటికి నాకు పంతొమ్మిదేళ్ళు, కళ్ళజోడు పెట్టుకున్న పాపాన పోలేదు). సంబంధం కుదిర్చిన మా మేనత్త "పిల్ల అయిదో తరగతి పాసయిందండీ" అనేసింది. ఆ అబద్ధాన్ని మోసుకుంటూ ఏలూరులో రెండు గదుల అద్దె ఇంట్లో కాపురం పెట్టాను. మా ఆయనకి కూడా చెప్పలేదు.

మూడు నెలలకి తాడేపల్లిగూడెం నుంచి మా ఆడపడుచు, ఆవిడ భర్త మొదటిసారి వస్తున్నారని తెలిసింది. అన్నయ్యగారు బడిపంతులు. ఇక నా గుండెల్లో రాయి పడింది. మేడ మీద ఇంటావిడ గోడకి ముద్దుగా ఒక నల్లబల్ల పెట్టుకుని రోజుకో మంచి మాట రాసేది. అలాంటిది మనింట్లోనూ ఉంటే చదువుకున్న ఇల్లులా ఉంటుంది కదా అనిపించింది. కొనే స్తోమత లేదు. పెరట్లో పడేసిన పాత కిటికీ రెక్క ఒకటి తెచ్చి, బొగ్గుపొడిలో దొండాకు పసరు కలిపి రుద్ది రుద్ది నల్లగా చేశాను. చిరిగిన చీర జరీ అంచుని మైదా జిగురుతో చుట్టూ అంటించాను. మూలల్లో సుద్దముక్కతో తామరపూలు వేశాను. ముగ్గుల్లో నాకు తిరుగులేదు లెండి.

మరి మధ్యలో ఏం రాయాలి? కలిదిండిలో మా నాన్న చేపల చెరువుకి కాపలా ఉండేవాడు. గట్టు మీద రేకు బోర్డు, దాని మీద ఎర్రటి గుండ్రటి అక్షరాలు. చిన్నప్పుడు వాటిని పుల్లతో మట్టిలో ముగ్గులా దించేదాన్ని. ఏం రాసుందని అడిగితే నాన్న (ఆయనకీ రాదు, ఒప్పుకోడు) "వచ్చేవాళ్ళని మర్యాదగా పలకరించార్లేమ్మా" అన్నాడు. ఆ ముగ్గు నా చేతికింకా గుర్తుంది. మా ఆయన వాళ్ళని తీసుకురావడానికి స్టేషన్‌కి వెళ్ళగానే, ఒక్క గీత పొల్లుపోకుండా దించి, బల్లని సరిగ్గా మంచినీళ్ళ కూజా పైన తగిలించాను.

ఎండన పడి వచ్చారు పాపం. నీళ్ళిచ్చాను. అన్నయ్యగారు గ్లాసు నోటిదాకా తీసుకెళ్ళి, గోడ వైపు చూసి, మెల్లిగా కింద పెట్టేశారు. "దాహంగా లేదమ్మా" అన్నారు, చెమట తుడుచుకుంటూ. వదినగారు మాత్రం పైకే చదివారు: "నీళ్ళలో మందు కలిపాం. ఎవరూ తాగరాదు." చదివి నా వైపు తిరిగారు. "ఏవమ్మా మరదలా, మేం రావడం ఇష్టం లేకపోతే ఒక ఉత్తరం ముక్క రాయొచ్చుగా!"

భూమి చీలితే బాగుండుననిపించింది. అలాంటప్పుడు నా నోట్లోంచి వచ్చిన మాట ఇదీ: "నేను కాదండీ, ఆయనే రాశారు."

ఆయన బల్ల వైపు చూశారు. తర్వాత సుద్ద అంటిన నా వేళ్ళ వైపు చూశారు. నేను చేతులు వెనక్కి దాచుకున్నాను. "అవునక్కా, నేనే. సరదాకి" అన్నారు. "ఇవేం సరదాలయ్యా!" అని అన్నయ్యగారు పిల్లాణ్ణి కోప్పడ్డట్టు కోప్పడుతుంటే తల వంచుకుని, ఆ నీళ్ళు తనే రెండు గ్లాసులు తాగి చూపించారు. వాళ్ళు వెళ్ళాక "నేర్పనా?" అన్నారు ఒక్క మాట. "నాకు వచ్చు!" అని కసిరాను. ఆ ఒక్క కసురుకి ముప్ఫై ఏళ్ళు పోయాయి. గూడెం వెళ్ళినప్పుడల్లా వదినగారు "మందు కలపలేదురా, తాగు" అంటూ ఆయనకి నీళ్ళివ్వడం, అందరూ నవ్వడం, ఆయనా నవ్వడం. నేను మాత్రం వంటింట్లో ఏదో పని వెతుక్కునేదాన్ని.

యాభై దాటాక మా వీధి చర్చిలో ఆడవాళ్ళకి సాయంత్రం బడి పెడితే వెళ్ళి కూర్చున్నాను. మొన్న వేసవిలో వదినగారు వస్తున్నారంటే అటక మీది బల్ల దింపి, మళ్ళీ దొండాకు రుద్ది, ఈసారి చూసి దించకుండా సొంతంగా రాశాను: "ఆ రోజు రాసింది నేను. అప్పుడు నాకు చదువు రాదు."

వదినగారు చదివారు. "ఇన్నేళ్ళూ చెప్పలేదేంరా?" అన్నారు తమ్ముడితో.

"నన్నెవరడిగారు?" అన్నారాయన.

నేను నీళ్ళిచ్చాను. ఆవిడ గ్లాసెత్తి, తాగబోయే ముందు బల్ల వైపు ఇంకోసారి చూసుకున్నారు. నేనూ చూశాను, అక్షరాలు సరిగ్గా ఉన్నాయో లేదోనని. వేళ్ళకి సుద్ద అంటుకునే ఉంది. ఈసారి చేతులు దాచుకోవాలని తోచనే లేదు.