వదిన కుట్టిన వానకోట్లు

మా వదిన టైలరు. ముప్పై ఏళ్లుగా ఒకే గది, ఒకే మిషను, కిటికీ అవతల ఒకే గోడ. ఏం కుట్టినా రెండంగుళాలు వదులుగానే కుడుతుంది. "మనిషన్నాక ఒళ్లు చేయడా?" అంటుంది. అలాంటి మనిషి యాభై మూడో ఏట మా సైకిళ్ల బృందంలో చేరింది. ఎనిమిది మందిమి, నాలుగు రోజుల కొండదారి. అందరి వానకోట్లూ తనే కుట్టింది.

మూడో రోజు కనుమ ఎక్కుతుంటే వాన పట్టుకుంది. మా నాయకుడు పోస్టుమాస్టరు.

"పన్నెండింటికల్లా కనుమ మీది గేటు వేసేస్తారు. ఈలోగా దాటనివాళ్లు వెనకొచ్చే వ్యానెక్కాల్సిందే," అన్నాడు.

"కూర్చోవడానికైతే నా కుర్చీ ఇంట్లోనే ఉంది. చచ్చినా ఎక్కను," అంది వదిన.

ఇంతలో ఎదురుగాలి. కోట్లలోకి దూరి మమ్మల్ని బుడగల్లా ఉబ్బించింది. తొక్కేది ముందుకు, పోయేది వెనక్కి. నేనైతే ఒకే మైలురాయిని మూడుసార్లు దాటాను.

"వదినా, ఇవి కోట్లా, గుడారాలా?"

"నోరు మూసుకో మరిదీ! అందులోకీ గాలి దూరితే ఎగిరిపోతావు!"

దారి పక్కన రేకుల షెడ్డు కనిపించింది. వదిన సూది తీసి మమ్మల్ని వరసగా నిలబెట్టింది.

"అబ్బా!" అన్నాడు పోస్టుమాస్టరు.

"కదలొద్దన్నానా?"

ఏడు కోట్లూ ఒంటిమీదే బిగించేసరికి పదకొండున్నర. తన కోటుకి టైము లేదు.

"నా తప్పుకి మీరెందుకు ఆగడం? పదండి!" అని తరిమింది. వెనక్కి చూస్తే వాన తెరలో వదిన, ఆవిడ వెనకే తలుపు తెరుచుకుని పాకుతున్న వ్యాను.

ఆఖరి మలుపు తిరిగామో లేదో, ఎదురుగాలి కాస్తా వీపు మీదికొచ్చింది. బిగుతు కోట్లతో మేం ఈసురోమంటున్నాం. వెనకనుంచి ఒకటే కేక.

"తప్పుకోండి! తప్పుకోండి!"

వదిన వదులు కోటు తెరచాపలా విచ్చుకుంది. మమ్మల్నందరినీ దాటేసింది. ఆ ఎత్తుని బ్రేకులు పట్టుకుని ఎక్కిందంటే నమ్మండి!

మేం గేటు చేరేసరికి పన్నెండూ అయిదు. గేటు మాత్రం తెరిచే ఉంది. కాపలావాడి కోటు చేతులు పొట్టిగా ఉన్నాయట. వదిన టేపు పెట్టి కొలుస్తోంది. రెండు చేతులూ బార్లా చాపి నిలబడ్డవాడు గేటెలా దించుతాడు? ఏడుగురమూ దూరిపోయాం. వ్యాను ఖాళీగా వచ్చింది.

"అమ్మా, నా కోటు మళ్లీ వదులు చేస్తావా?" అన్నాడు పోస్టుమాస్టరు రొప్పుతూ.

"ముందు రేపు గాలి ఎటునుంచో కనుక్కుని రండి," అంది వదిన, టేపు మెడలో వేసుకుంటూ.